గుర్రపుడెక్క ఉప్పు, మూడు మందుల బిళ్ళ

మొదటి బిళ్ళ

ఎస్తేరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. మెట్ట ఊరి ఆసుపత్రి నుంచి రెండు నెలలకొకసారి మందుల పడవలో వచ్చే నర్సు ఆమె. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే ఆమే దిద్దుకుంటుంది.

ఈ రోజు నుంచి నాకూ మా అక్కకూ మూడు బిళ్ళలు పోయి ఒకటే బిళ్ళ వచ్చింది. అక్కంటే తోబుట్టువు కాదు, మా ఆయన అన్నగారి భార్య, బుల్లెమ్మ. మొగుళ్ళిద్దరూ పోయాక ఈ పడవ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఇద్దరికీ బీపీయే.

గోడకు కొత్త పెట్టె బిగించారు. పొద్దున్నే బీపీ కొలిచే చేతి కడియాన్ని దాని ముందు పెడితే, ముందు రోజు బీపీ ఎంత ఉందో కడియం పెట్టెకు చెబుతుంది. పెట్టెలో మూడు మందుల పొడులుంటాయి. ఎవరికి ఎంత కావాలో అంత కలిపి నొక్కి, ఒక్క బిళ్ళ చేసి కింది పళ్ళెంలో పడేస్తుంది. పళ్ళెంలో టక్కున పడిన చప్పుడుకే నా గుండె అదిరింది.

ఎస్తేరమ్మ చాలా జాగ్రత్తలు చెప్పింది. పాత బిళ్ళలు ఒక్కటి కూడా దీంతో కలిపి వేసుకోకూడదు. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేవకూడదు. నొప్పుల బిళ్ళలు అడక్కుండా మింగకూడదు. తనకు తానుగా మానకూడదు. రోజూ బిళ్ళ వేసుకున్నదీ, ఒంట్లో ఎలా ఉన్నదీ, ఆ రోజు చేసిన పనీ ఈ పుస్తకంలో రాయాలి. అన్నీ మూడుసార్లు చెప్పించుకున్నాను.

పెట్టె కూడా ఆడగొంతుతో ఒక ప్రశ్న అడిగింది. ఉప్పు తగ్గించారా అని. ప్యాకెట్టు ఉప్పు ముట్టి ముప్పై ఏళ్ళయిందని చెప్పాను. మంచిది అంది.

రెండో బిళ్ళ

నిద్ర పట్టలేదు. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, తాడు పట్టుకుని లేచాను. అక్క మాత్రం ఎప్పటిలాగే దిగ్గున లేచి వలలు దులపడానికి పోయింది. కళ్ళు తిరిగి కాలవలో పడితే ఎవరు తీస్తారని వెనకాలే వెళ్ళాను. నవ్వింది.

"నీకు భయం నంజుకోపోతే ముద్ద దిగదే రత్నం" అంది.

పెట్టె రోజూ అడిగేవి మూడట. కళ్ళు తిరుగుతున్నాయా, పాదాలు వాచాయా, దగ్గు వస్తోందా. మూడింటికీ లేదని చెప్పాలో, ఇంకా చూస్తున్నామని చెప్పాలో తెలియలేదు. అక్క నా బదులు కూడా లేదని అరిచేసింది.

నాలుగో బిళ్ళ

ఈ రోజు ఉప్పు వండాను.

గోదారి దారి మార్చుకుని పొలాల మీదే ఉండిపోయినప్పుడు కింద ఉప్పుమళ్ళు కూడా పోయాయి. అప్పటి నుంచి ప్యాకెట్టు ఉప్పు మెట్ట నుంచే రావాలి. అది ఆరోగ్యం ఉన్నవాళ్ళు తింటారు. బీపీ వాళ్ళకు ప్యాకెట్టు ఉప్పు విషమని అప్పట్లో ఒక డాక్టరు చెప్పి వెళ్ళాడు. అందుకని మా పడవల వరసలో బీపీ వాళ్ళందరూ గుర్రపుడెక్క ఉప్పే తింటారు. వండేది నేను. మా అత్తగారు నేర్పింది.

కాలవలో తేలే గుర్రపుడెక్కను పీకి తడికల మీద ఎండబెట్టాలి. రేకు పీపాలో కాల్చాలి. ఆ బూడిదను అడుగున చిల్లి ఉన్న కుండలో గుడ్డ పరిచి నింపి, పైన నీళ్ళు పోయాలి. చుక్క చుక్క కింద పడుతుంది. ఆ నీళ్ళు మూకుట్లో మరిగిస్తే తెల్లగా గడ్డ కడుతుంది. చివర కొంచెం చేదు తగులుతుంది కానీ ఉప్పగానే ఉంటుంది. చుక్క మరీ తొందరగా పడినా పనికిరాదు, మరీ నెమ్మదిగా పడినా పనికిరాదు. కళ్ళు మూసుకుని విన్నా ఆ వేగం నాకు తెలుస్తుంది.

మా ఇంటితో కలిపి ఏడు పడవలకు పంచాను. ఏడిళ్ళలోనూ కొత్త పెట్టెలే బిగించారు.

తొమ్మిదో బిళ్ళ

అక్క బీపీ నూట ఇరవై ఆరు. నాది నూట ముప్పై. ఇంత తక్కువ నేనెప్పుడూ చూడలేదు. కడియాలు రెండూ పచ్చగా వెలుగుతున్నాయి. వరసంతా పండగలా ఉంది. సరంగు పల్లయ్య పడవ పడవకూ వచ్చి అందరి చేతులూ చూసి వెళ్ళాడు. మా వరసలో నలభై పడవలను తాళ్ళతో కట్టి నిలిపి ఉంచేదీ, వైర్‌లెస్ చూసుకునేదీ అతనే.

నాకు తొడలు బరువుగా ఉన్నాయి. నీళ్ళలో నడుస్తున్నట్టు ఉంది. పల్లయ్యకు చెప్పాను. వయసు పిన్నీ, అన్నాడు. కళ్ళు తిరగడం లేదు, పాదాలు వాయలేదు, దగ్గు లేదు. మరి పెట్టెకు ఏమని చెప్పను?

పదమూడో బిళ్ళ

అక్క ఈ రోజు నీళ్ళ బకెట్టు ఎత్తలేక కింద పెట్టేసింది. నన్ను చూసి, చెయ్యి జారిందంది. జారలేదు. నేను చూశాను.

నీరసం అనుకుని గంజి కాచాను. అక్కకు గంజిలో ఉప్పు దండిగా ఉండాలి. చిటికెడు వేస్తే చప్పగా ఉందంది. ఇంకో చిటికెడు వేశాను. మన ఉప్పే కదా, ఎంత తిన్నా బీపీ పెరగదు. రెండు గ్లాసులు తాగింది. సాయంత్రం ఇంకో గ్లాసు ఇచ్చాను.

కడియం పచ్చగానే ఉంది.

పదహారో బిళ్ళ

ఈ రోజు తప్పు పని చేశాను. రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. అన్నీ రాయమంది కాబట్టి రాస్తున్నాను.

అక్క మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. ఎస్తేరమ్మ మొదటి జాగ్రత్తే నాకు గుర్తొచ్చింది. పాత బిళ్ళలు దీంతో కలిపి వేసుకోకూడదన్నది. అక్క పాతవి ఎస్తేరమ్మకు తిరిగి ఇచ్చేటప్పుడు తక్కువ ఇచ్చిందని నాకు ముందు నుంచీ అనుమానం. ఆమె వలలు దులపడానికి వెళ్ళినప్పుడు ఆమె ట్రంకు పెట్టె తీసి, చీరల మడతలన్నీ విప్పి వెతికాను. మా బావగారి కళ్ళజోడు, ఒక దువ్వెన, ఎండిన మల్లెపూలు కట్టిన గుడ్డ ముక్క. బిళ్ళలు లేవు.

మూత వేస్తుంటే అక్క వచ్చింది. వెతుకుతున్నానని ఒప్పుకున్నాను.

"నలభై ఏళ్ళు ఒక కుండలో కూడు తిన్నాం. నన్ను దొంగని చేసేవు" అంది.

భయంతో చేశానక్కా అన్నాను. నీ భయానికి ఓ ఇల్లు కట్టుకుని అందులో ఉండు, నన్నొదిలెయ్, అంది. సాయంత్రం గంజి ముట్టలేదు. నేనూ తినలేదు.

పద్దెనిమిదో బిళ్ళ

వాన. నిన్నటి నుంచి తెరిపి లేదు. తడికల మీద ఆకంతా కుళ్ళింది. పీపా తడిసింది. ఉప్పు వండడానికి లేదు. డబ్బాలో అడుగున మిగిలింది నిన్న పప్పులో వేసేశాను. పక్క పడవల వాళ్ళదీ అయిపోయిందని కబురు చేశారు. ఎండ రానివ్వండమ్మా అన్నాను.

చప్పిడి కూడే. అక్క నాతో మాట్లాడడం లేదు కాబట్టి చప్పగా ఉందని కూడా అనలేదు.

ఇరవై ఒకటో బిళ్ళ

ఇంకా వానే. అయినా అక్క ఈ రోజు తాడు లాగింది. రాత్రి గాలికి వదులైన లంగరు తాడును పల్లయ్యతో కలిసి తనే లాగి కట్టింది. నా తొడల బరువు కూడా తగ్గింది. గంగమ్మకు మొక్కుకున్నాను. వాన చల్లదనానికి ఒళ్ళు సర్దుకుందేమో అనుకున్నాను.

అక్క మాట్లాడింది. "చప్పిడి తిని తిని నాలిక మొద్దుబారిపోయిందే. ఎండొత్తే ముందు పీపా ముట్టించు" అంది.

ఆ మాట కోసం ఐదు రోజులు ఎదురు చూశాను.

ఇరవై మూడో బిళ్ళ

ఎండ వచ్చింది. పైకప్పు కింద దాచిన ఎండు ఆకు ముట్టించాను. సాయంత్రానికి కొత్త ఉప్పు తయారయింది. ఇన్నాళ్ళు దాచిన ఆకులో ఘాటు ఎక్కువేమో, ఎప్పటికంటే తెల్లగా వచ్చింది. ఏడు ఇళ్ళకూ పంచాను. అక్కకు చేపల పులుసు చేసి, ఆమె అడిగినంత ఉప్పు వేశాను. మూడుసార్లు కలుపుకుని తింది. ట్రంకు పెట్టె సంగతి మరిచిపోయినట్టే ఉంది. నాకు మనసు తేలికయింది.

ఇరవై ఐదో బిళ్ళ

తొడలు మళ్ళీ బరువు. అక్క పొద్దున్నంతా పడుకునే ఉంది. ఏం లేదంటుంది. గంజి ఇచ్చాను. మధ్యాహ్నం మళ్ళీ ఇచ్చాను. మూడో పడవలో ఉండే కమలాంబ కూడా లేవలేదని చెప్పారు.

పెట్టెలు మా ముగ్గురికీ మంచిది అనే అంటున్నాయి.

ఇరవై ఆరో బిళ్ళ

పొద్దున అక్క చేతిలోంచి గ్లాసు జారింది. ఈసారి జారిందని తను కూడా అనలేదు. పెదాలు ఊదా రంగులో ఉన్నాయి. మణికట్టు పట్టుకుని చూశాను. నాకు నాడి చూడడం రాదు. కానీ బూడిద కుండ చుక్క వేగం నా చేతికి తెలుసు. ఆమె నాడి అంతకంటే నెమ్మదిగా ఉంది. మధ్యలో ఒకటి పడలేదు. చాలాసేపటికి పడింది.

కడియం మాత్రం పచ్చగా ఉంది. ఆ కడియానికి బీపీ తప్ప ఇంకేమీ తెలియదు.

పల్లయ్య దగ్గరికి వెళ్ళాను. కడియం ఎర్రగా మెరిస్తేనే వైర్‌లెస్ ఎత్తాలని మెట్ట వాళ్ళ నియమం. వానలకు బ్యాటరీ కూడా సగమే ఎక్కిందట.

"పోయిన నెల గుండె ఆగిపోతందని ఎత్తించేవు పిన్నీ. తీరా చూత్తే తేన్పు" అన్నాడు.

అది నిజమే. నాకు సిగ్గేసింది. అయినా వెనక్కి రాలేదు. అతని పడవ చెక్క మీద కూర్చున్నాను. నా మాట నమ్మకపోయినా పరవాలేదు, వచ్చి ఆవిడ చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూడమన్నాను. విసుక్కుంటూ వచ్చాడు. చెయ్యి పట్టుకున్నాడు. పరిగెత్తి వెళ్ళి వైర్‌లెస్ తెచ్చాడు.

ఎస్తేరమ్మకు అక్క నాడి సంగతి చెప్పాను. పుస్తకం ముందు పెట్టుకుని మొదటి నుంచీ చదవమంది. ఏ రోజు బాగున్నారో, ఏ రోజు బాగోలేదో, ఆ రోజు ఏం చేశారో అంతా చదవమంది. చదివాను. తొమ్మిదో బిళ్ళ, తొడలు బరువు. పదమూడో బిళ్ళ, గంజి. పదహారో బిళ్ళ, ట్రంకు పెట్టె. పల్లయ్య పక్కనే ఉన్నా అది కూడా చదివాను. పద్దెనిమిదో బిళ్ళ, ఉప్పు అయిపోయింది. ఇరవై ఒకటి, అక్క తాడు లాగింది. ఇరవై మూడు, కొత్త ఉప్పు.

అక్కడ ఆపమంది.

"ఏ ఉప్పు మామ్మగారూ?"

మా ఉప్పమ్మా, గుర్రపుడెక్క బూడిదతో నేనే వండుతాను అన్నాను. బీపీ వాళ్ళం ప్యాకెట్టు ముట్టమని కూడా చెప్పాను. గర్వంగానే చెప్పాను. దేవుడు సాక్షి.

అటు నుంచి ఎవరినో పిలిచి పడవ తియ్యమని చెప్పడం వినపడింది. తర్వాత మెల్లగా చెప్పింది. కొత్త బిళ్ళలోని మూడు మందుల్లో ఒకటి పొటాషియం అనే దాన్ని ఒంట్లోంచి బయటికి పోనివ్వదట. ఆకు బూడిద ఉప్పంతా దాదాపు అదేనట. పాత బిళ్ళల్లో ఆ మందు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఒళ్ళు ఎలాగో బయటికి తోసేసిందట. ఇప్పుడు అది లోపలే పేరుకుని, ముందు కాళ్ళనూ చేతులనూ, ఆ తర్వాత గుండెనూ పట్టుకుంటుందట.

"ఆవిడకి ఇంక గంజి వద్దు, ఆ ఉప్పు వద్దు. ఇవాళ్టి బిళ్ళ వేసుకున్నారా?"

"లేదమ్మా. మింగలేకపోయింది."

"వద్దు, వెయ్యకండి. మేం వచ్చేదాకా పక్కనే ఉండండి. మీ వరసలో ఆ ఉప్పు ఇంకెవరు తింటున్నారు?"

పెట్టెలున్న ఏడిళ్ళూ అన్నాను. అందరికీ నేనే పంచుతానమ్మా అన్నాను.

ఇరవై ఏడు

ఇవాళ నేను బిళ్ళ వేసుకోలేదు. ఎస్తేరమ్మ నిన్న నా రక్తమూ మిగతా ఇళ్ళ వాళ్ళ రక్తమూ తీసి, తను చెప్పేదాకా అందరినీ ఆగమంది. తనకు తానుగా మానలేదని ఇక్కడ రాసుకోమంది.

నిన్న మధ్యాహ్నానికే పడవ వచ్చింది. అక్క గుండె మీద తీగలు అంటించి ఎస్తేరమ్మ చూసింది. పడవలోనే నరంలోకి సూది ఇచ్చింది. గుండె ఆగకుండా కాపాడడానికని చెప్పింది. కమలాంబను కూడా తీసుకెళ్ళారు. నన్ను రావద్దన్నారు. చోటు లేదు, పైగా ఇక్కడ పని ఉందన్నారు.

పడవ కదిలేటప్పుడు అక్క కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఏదో అంది. వినపడలేదు.

ఆ పని ఏమిటంటే ఉప్పు వెనక్కి తీసుకోవడం. ఎస్తేరమ్మ పల్లయ్యను పంపుతానంది. వద్దు, ఇచ్చిన చేత్తోనే తీసుకుంటానన్నాను. ఇవాళ పొద్దున తప్పేలా పట్టుకుని పడవ పడవకూ తిరిగాను. కాళ్ళు ఈడ్చుకుంటూ తిరిగాను. ఒక్కో ఇంట్లో మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. కొందరు డబ్బా తెచ్చి పోసేశారు. ఐదో పడవలో సూరీడమ్మ డబ్బా ఇవ్వలేదు. ముప్పై ఏళ్ళు మందని పెట్టి ఇప్పుడు విషమంటే ఏది నమ్మాలి అని అడిగింది. పాత బిళ్ళకు పనికొచ్చింది, కొత్త బిళ్ళకు పనికిరాదని మాత్రం చెప్పాను. గుమ్మంలోనే కూర్చున్నాను. చివరికి తెచ్చి తప్పేలాలో కుమ్మరించింది.

"నువ్వు అన్నిటికీ భయపడతావు, దీనికెందుకు పడలేదే?" అంది.

అదే నేనూ ఆలోచిస్తున్నాను. గాలికి భయపడ్డాను, తేన్పుకు భయపడ్డాను, పెట్టె చప్పుడుకు భయపడ్డాను. ఉప్పుకు పడలేదు. అది మా అత్తగారిది, నా చేతిది.

తప్పేలా నిండింది. పడవ వెనక్కి వెళ్ళి కాలవలో పోశాను. కింద గుర్రపుడెక్క ఉంది. దాని మీదే పోశాను.

ముప్పై మూడో రోజు, కొత్త లెక్కలో మూడో బిళ్ళ

నా రక్తం కుదురుకుందని కొత్త మోతాదు పెట్టారు. అది కూడా ఒకటే బిళ్ళ. లోపల మందు మాత్రం మార్చారట. ప్యాకెట్టు ఉప్పయినా సరే కొంచెమే, బూడిద ఉప్పు అస్సలు వద్దు అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించారు.

ఇవాళ మధ్యాహ్నం పల్లయ్య వైర్‌లెస్ తెచ్చాడు. అడక్కుండా తెచ్చాడు. అక్క మాట్లాడింది. గొంతు సన్నగా ఉంది, తిట్లు మాత్రం ఎప్పటివే. మెట్ట ఊరి దోమల్ని తిట్టింది, ఆసుపత్రి మంచాన్ని తిట్టింది, కూరను తిట్టింది.

"చప్పిడి కూడే ఇక్కడా. వచ్చే పడవలో నీ ఉప్పు ఓ గుప్పెడు పంపు. ఆళ్ళకి తెలీకుండా మూట కట్టు."

ఆమెకు ఇంకా తెలియదని అప్పుడర్థమైంది. ఎస్తేరమ్మ చెప్పలేదు. నాకు వదిలిపెట్టింది. పల్లయ్య అటు తిరిగి తాడు సర్దుతున్నట్టు నటించాడు.

"నువ్వు పడిపోయింది నా ఉప్పు వల్లే అక్కా. ఒంట్లో బాలేదని నేనే ఇంకా ఇంకా పెట్టేను."

బరబర శబ్దం తప్ప ఏమీ రాలేదు. బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను. అయిపోతే బాగుండును అనుకున్నాను.

"నా ట్రంకు పెట్టంతా ఎతికేవు" అంది చివరికి. "నీ ఉప్పు డబ్బా ఎతకలేదు."

లేదక్కా అన్నాను.

"ఏడవకు. ఇంకో చిటికెడు వెయ్యమన్నది నేనే కదేటి." కొంచెం ఆగి మళ్ళీ అంది. "నా చీరలు మళ్ళీ మడత పెట్టేవా, అలాగే కుక్కేసేవా?"

కుక్కేశాను. ఆ రోజు నుంచీ అలాగే ఉన్నాయి. సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటే మడత పెట్టాను. కళ్ళజోడు, దువ్వెన, పూల గుడ్డ ముక్క ఎక్కడివక్కడ పెట్టాను.

నాలుగో బిళ్ళ

మింగాను. కాళ్ళు ఫరవాలేదు. అక్క వచ్చే పడవకు వస్తుందట.

పెట్టె ఇప్పుడు నాలుగు అడుగుతోంది. ఎస్తేరమ్మ నాలుగోది చేర్పించింది. వేరే ఉప్పు ఏదైనా తింటున్నారా అని. మిగతా వరసల్లో కూడా అడుగుతోందట. లేదు అంటాను. అన్నాక నిజమే చెప్పానా అని అనుమానం వస్తుంది. వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసి చూస్తాను. ఖాళీగానే ఉంటుంది. కడిగి పెట్టింది నేనే. అయినా రోజూ పొద్దున తీసి చూసి, వేలు పెట్టి అడుగంతా తడిమి, ఆ తర్వాతే బిళ్ళ వేసుకుంటున్నాను.